మునిగే గోళికలు, తేలే గోళికలు: జెలటిన్ ఎమల్షన్ నుంచి సచ్ఛిద్ర హైడ్రాక్సీఅపటైట్ తయారీ – ఒక కేస్ స్టడీ

ఎముక ఇన్ఫెక్షన్లపై పనిచేస్తున్న ఒక పరిశోధక బృందానికి హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలోని ఖనిజాన్ని పోలిన కాల్షియం ఫాస్ఫేట్) గోళికలు అవసరమయ్యాయి. శస్త్రచికిత్సలో తొలగించిన ఎముక స్థానాన్ని వాటితో నింపాలన్నది వారి ఆలోచన. నింపే ముందు గోళికలను యాంటీబయాటిక్ ద్రావణంలో నానబెడతారు. మందు గోళిక నడిమధ్య దాకా ఇంకి, ఆ తరువాత మెల్లగా బయటికి రావాలి. హైదరాబాదులోని మా సిరామిక్ ప్రయోగశాలకు వారు పంపిన కాగితంలో మూడు షరతులు ఉన్నాయి: గోళిక వ్యాసం 200 నుంచి 400 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి, లోపలి ఖాళీ 70 శాతం ఉండాలి, రంధ్రాలు 100 మైక్రాన్లకు తగ్గకూడదు.

మూడో షరతు దగ్గరే మొదటి చర్చ జరిగింది. 100 మైక్రాన్లన్న అంకె 1971లో క్లావిటర్, హల్బర్ట్ సచ్ఛిద్ర (రంధ్రాలున్న) సిరామిక్ ఇంప్లాంట్లపై ప్రచురించిన పని నుంచి వచ్చి, ఈ రంగంలో నేటికీ కొలబద్దగా చెలామణి అవుతోంది. ఎముక కణజాలం లోపలికి పెరగడానికి కావలసిన దారుల గురించి చెప్పిన మాట అది. 300 మైక్రాన్ల గోళికలో 100 మైక్రాన్ల రంధ్రాలు పెడితే చివరికి చేతికి వచ్చేవి పెంకు ముక్కలే. గోళికల కుప్పలో ఎముక పెరిగే దారి గోళికల మధ్య సందుల్లో ఉంటుంది కనుక లెక్క అక్కడ వేయాలి. ఒకదానినొకటి తాకుతున్న మూడు సమాన గోళికల నడుమ ఇమిడే వృత్తం వ్యాసం గోళిక వ్యాసంలో 0.155 వంతు. 300 మైక్రాన్ల గోళికలు అతి దగ్గరగా సర్దుకున్న చోట ఆ దారి 46 మైక్రాన్లు మాత్రమే. 600 మైక్రాన్ల గోళికలైతే 93 మైక్రాన్లు. ఈ లెక్క చూశాక బృందం పరిమాణాన్ని 500, 710 మైక్రాన్ల జల్లెడల మధ్యకు మార్చి, లోపలి గదులు 10 నుంచి 20 మైక్రాన్లు ఉంటే చాలునని అంగీకరించింది. మందు ద్రావణానికి అంతకన్నా పెద్ద దారి అక్కరలేదు. కాగితం మీది అంకెను ప్రశ్నించకుండా స్టిరర్ ఆన్ చేయడం ఈ రంగంలో వృథాశ్రమకు మొదటి కారణమని నా అభిప్రాయం.

మిగిలిన రెండు షరతుల్లో 70 శాతం ఖాళీ సాధించడం తేలిక. ఆ ఖాళీ బయటికి తెరుచుకొని ఉండడమే కష్టం, ఈ వ్యాసం అంతా దాని గురించే.

ఎంచుకున్న పద్ధతి

మేము జంట ఎమల్షన్ దారి పట్టాము (ఒక ద్రవంలో కలవని మరో ద్రవం చుక్కలుగా చెదిరి ఉండే మిశ్రమమే ఎమల్షన్). జెలటిన్ ద్రావణంలో హైడ్రాక్సీఅపటైట్ పొడి కలిపిన చిక్కటి ద్రవంలోకి (స్లర్రీ) తేలికరకం లిక్విడ్ పారఫిన్ అనే నూనెను సన్నని చుక్కలుగా చెదరగొట్టాలి. పెరుగులా చిక్కబడిన ఆ మిశ్రమాన్ని మళ్ళీ చిక్కటిరకం లిక్విడ్ పారఫిన్‌లో పెద్ద బొట్లుగా విడగొట్టాలి. పెద్ద బొట్లు గోళికలవుతాయి, వాటిలోని చిన్న నూనె చుక్కలు రంధ్రాలవుతాయి. చల్లబరిస్తే జెలటిన్ గడ్డకట్టి ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. కడిగి, ఆరబెట్టి, కాలిస్తే జెలటిన్ మండిపోయి సిరామిక్ మిగులుతుంది.

పొడి విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. అవక్షేపణతో తయారైన హైడ్రాక్సీఅపటైట్ సూదుల్లాంటి నానోకణాలతో ఉంటుంది, దాని ఉపరితల వైశాల్యం చాలా ఎక్కువ. దాన్ని నేరుగా వాడితే ఘనపరిమాణంలో పది శాతం కలపకముందే స్లర్రీ ముద్దకడుతుంది. అందుకని పొడిని 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి, జిర్కోనియా బంతులతో బాల్ మిల్లులో తడిగా నూరాము. డిస్పర్సెంట్‌గా (కణాలను విడివిడిగా ఉంచే పదార్థంగా) అమోనియం పాలీఅక్రిలేట్ వాడి, పీహెచ్‌ను 9 దగ్గర నిలిపాము. జెలటిన్‌లో క్షారపద్ధతిలో తీసిన టైప్ బి రకాన్ని ఎంచుకోవడానికి కారణం కూడా ఇదే. దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 5 దగ్గర ఉంటుంది కనుక ఆ పీహెచ్ వద్ద అది రుణావేశంతో ఉండి పొడి కణాలను గుంపుకట్టనివ్వదు. టైప్ ఎ జెలటిన్ పాయింట్ 7 నుంచి 9 దాకా ఉంటుంది. అదే పీహెచ్ వద్ద దాని ఆవేశం దాదాపు లేనట్టే.

స్లర్రీలో ఘనపరిమాణం ప్రకారం 20 శాతం హైడ్రాక్సీఅపటైట్, అంటే ప్రతి 100 మిల్లీలీటర్లకు 63 గ్రాములు. మిగిలినది 8 శాతం జెలటిన్ ద్రావణం. దీన్ని 50 డిగ్రీల వద్ద ఉంచి అదే రోజు వాడేయాలి. వేడి మీద గంటల తరబడి ఉంచితే జెలటిన్ గొలుసులు తెగిపోయి, చల్లబరిచినా గట్టి జెల్ రాదు.

సంకోచం లెక్క ముందే వేసుకోవాలి, లేకపోతే బొట్టు ఎంత ఉండాలో తెలియదు. గోడలు పూర్తిగా గట్టిపడే దాకా కాలిస్తే స్లర్రీ తన ఘనపరిమాణంలో అయిదో వంతుకు కుంచించుకుపోతుంది; వ్యాసంలో చూస్తే అది 0.585 రెట్లు. లోపల నూనె ఎంత శాతం ఉన్నా గోడతోపాటు గదులూ అదే నిష్పత్తిలో కుంచించుకుంటాయి కనుక, గోళిక చివరి పరిమాణాన్ని నిర్ణయించేది స్లర్రీలోని పొడి శాతమే, నూనె శాతం కాదు. 600 మైక్రాన్ల గోళిక రావాలంటే ఎమల్షన్‌లో బొట్టు సుమారు 1,025 మైక్రాన్లు ఉండాలి, 15 మైక్రాన్ల గది రావాలంటే నూనె చుక్క 26 మైక్రాన్లు ఉండాలి. ఇంత పెద్ద బొట్టును సూదితో ఒక్కొక్కటిగా జారవిడవవచ్చు కదా అని అడగవచ్చు. జారవిడవవచ్చు. కానీ 70 శాతం నూనె నింపిన మిశ్రమం సూది నుంచి తోకలతో తెగుతుంది, వందల గ్రాములు కావాలన్నప్పుడు వేగమూ చాలదు.

నీటిలో తేలిన బ్యాచ్‌లు

మొదటి బ్యాచ్‌ల గోళికలు మైక్రోస్కోప్ కింద చూడముచ్చటగా ఉన్నాయి. గుండ్రదనం బాగుంది, పగుళ్ళు లేవు, ఒకదానిని బ్లేడుతో కోస్తే లోపల గదులు తేనెపట్టులా నిండుగా కనిపించాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలతోనే పని ముగించే అలవాటు ఉన్న చోట ఈ బ్యాచ్ అప్పుడే పార్సెల్ అయిపోయి ఉండేది. వాటిని ఇథనాల్‌తో తడిపి, వ్యాక్యూమ్ పెట్టి, నీటిలోకి మార్చితే ఎక్కువ భాగం పైకి తేలాయి.

ఈ పరీక్ష వెనుక లెక్క సులువు. హైడ్రాక్సీఅపటైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.16 గ్రాములు. 70 శాతం ఖాళీ ఉండి, ఆ ఖాళీ అంతా మూసుకొని ఉన్న గోళిక సాంద్రత 0.95 వస్తుంది కాబట్టి అది నీటిలో తేలాలి. గదులు తెరుచుకొని ఉంటే నీరు నిండి మునగాలి. సరిహద్దు 68.4 శాతం ఖాళీ దగ్గర ఉంది. అంతకన్నా తక్కువ ఖాళీ ఉన్న గోళిక మూసుకున్నదైనా మునుగుతుంది కనుక ఆ పరీక్షను వాటికి వాడకూడదు. పొడి గోళికలను నేరుగా నీటిలో వేస్తే తలతన్యత వల్ల మంచివి కూడా తేలియాడుతాయి, అందుకే ఇథనాల్ తడి ముందు. బీకరు, వ్యాక్యూమ్ పంపు తప్ప మరేమీ అడగని ఈ పరీక్ష మంచి గోళికలను, చెడ్డ గోళికలను విడదీసి కూడా ఇస్తుంది.

తేలిన గోళికలను కోసి, గదుల లోపలి గోడలను దగ్గరగా చూశాము. గదికీ గదికీ మధ్య ఉండాల్సిన కిటికీలు చాలా చోట్ల లేవు, ఉన్న చోట కూడా పైపొర మూసే ఉంది. ఇవి రెండు వేర్వేరు లోపాలు, వాటి కారణాలూ వేరు.

కిటికీ ఏర్పడేది రెండు నూనె చుక్కలు ఒకదానినొకటి ఒత్తుకున్న చోట. ఆ ఒత్తిడిలో మధ్యనున్న స్లర్రీ పొర పలచబడాలి. ఆరేటప్పుడు, కాలేటప్పుడు ఆ పలచని పొర చిరిగి కిటికీ అవుతుంది. సమాన గోళాలు యాదృచ్ఛికంగా సర్దుకున్నప్పుడు నింపే ఘనపరిమాణం సుమారు 64 శాతం. అంతకు మించి నూనె నింపితేనే చుక్కలు ఒకదానినొకటి ఒత్తుకుంటాయి. మా మిశ్రమంలో 70 శాతం ఉంది, కాబట్టి ఒత్తిడి ఉంది. అయినా పొర పలచబడలేదు, ఎందుకంటే తనలోని పొడి గుంపులకన్నా పలచగా కావడం ఏ పొరకూ సాధ్యం కాదు. 900 డిగ్రీల వద్ద కాల్చిన పొడిలో నూరుడుకు లొంగని గట్టి గుంపులు మిగిలి, అవి పొర నడుమ స్తంభాల్లా నిలిచాయి. నూరే సమయం పెంచి, కణాల పరిమాణం కొలిచినప్పుడు సగటుతో సంతృప్తి పడకుండా పైతోక (అతి పెద్ద కణాల పరిమాణం) ఒక మైక్రానుకు దిగే దాకా ఆగడంతో ఈ లోపం చాలావరకు పోయింది. లోపలి ఎమల్షన్‌లో ట్వీన్ 80 అనే సర్ఫాక్టెంట్ (నూనె చుక్కలు నీటిలో నిలిచేలా చేసే పదార్థం) మోతాదు పెంచడం మిగిలిన పని చేసింది. సర్ఫాక్టెంట్ తక్కువైతే పొర మందంగా నిలుస్తుంది. మరీ ఎక్కువైతే మిశ్రమం నురగకడుతుంది, నురగ బుడగలు గోళికలో పెద్ద ఖాళీలు చేస్తాయి. కలిపాక కాసేపు వ్యాక్యూమ్‌లో ఉంచడం అందుకే.

పైపొర సంగతి వేరు. బయటి నూనెకు తగిలే హద్దు వద్ద ఉన్న లోపలి నూనె చుక్కలు బయటి నూనెలో కలిసిపోతాయి. రెండూ పారఫిన్లే కనుక వాటిని ఆపేదేమీ లేదు. నిజానికి ఇది మనకు అనుకూలం, అలా కలిసిపోయిన ప్రతి చుక్కా గోళిక ముఖం మీద ఒక నోరు తెరుస్తుంది. కానీ మిశ్రమం ఇంకా వేడిగా, జారుగా ఉంటే చుట్టూ ఉన్న స్లర్రీ వచ్చి ఆ నోటిని పూడ్చేస్తుంది. చుక్కలు వెళ్ళిపోయిన కొద్దీ హద్దు వద్ద జెలటిన్, సన్నని కణాలు పేరుకొని, కాగిన పాల మీద మీగడ కట్టినట్టు ఒక దట్టమైన పొర కడుతుంది. అంటే నోరు తెరుచుకున్న తరువాత ఎంత త్వరగా జెలటిన్ గడ్డకడుతుందన్నదే ప్రశ్న.

ఇక్కడ మా ఊరి వాతావరణం లెక్కలోకి వచ్చింది. జెలటిన్ 25 నుంచి 30 డిగ్రీల లోపుకు దిగితేనే గట్టిపడుతుంది. శీతల దేశాల్లో రాసిన పద్ధతుల్లో హీటర్ ఆపి బీకరును గది ఉష్ణోగ్రతకు రానిమ్మని ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో ఏసీ లేని గదిలో ఆ సూచన పాటిస్తే బీకరు గడ్డకట్టే ఉష్ణోగ్రతకు ఎప్పటికీ చేరదు. ఐసు తొట్టెలో పెట్టినా నూనె ఉష్ణవాహకత తక్కువ కావడంతో చల్లదనం లోపలికి చేరడానికి సమయం పడుతుంది, పైపొర కట్టేది ఆ వ్యవధిలోనే.

అందుకని తొట్టెను వదిలేసి చల్లని నూనెనే కలిపాము. బొట్లు కావలసిన పరిమాణానికి రాగానే, స్టిరర్ ఆపకుండా, 5 డిగ్రీలకు చల్లార్చిన లిక్విడ్ పారఫిన్‌ను బ్యాచ్‌కు రెండింతల పరిమాణంలో ఒక్కసారిగా పోస్తే 45 డిగ్రీల మిశ్రమం క్షణాల్లో 20 డిగ్రీల దరిదాపుకు దిగుతుంది. బొట్లు తెరిచిన నోళ్ళతోనే గడ్డకట్టాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే ఇప్పుడు గోళిక ముఖం నిండా చిన్నాపెద్దా గుంటలున్నాయి. మొదటి బ్యాచ్‌ల నున్నదనం లేదు. చూపులకు మునుపటివే అందంగా ఉన్నాయని చెప్పాలి.

బొట్లను విడగొట్టడం గురించి ఒక్క మాట. లోపలి మిశ్రమం చిక్కదనం బయటి నూనెకన్నా నాలుగు రెట్లు దాటితే సాధారణ కోత ప్రవాహంలో (ద్రవం పొరలు ఒకదానిమీద ఒకటి జారే ప్రవాహంలో) బొట్టు తెగదు, తిరుగుతూ ఉండిపోతుంది. శాస్త్రవేత్త టేలర్ 1930లలో మొదలుపెట్టిన ఈ విచారణను పరిశోధకుడు గ్రేస్ 1982లో ప్రచురించిన వక్రరేఖ స్పష్టంగా చూపింది. మా పెరుగులాంటి మిశ్రమానికి తేలికరకం పారఫిన్ బయటి నూనెగా పనికిరాకపోవడానికి కారణం అదే. చిక్కటిరకం, పాత్రలో బాఫుల్స్ (గోడకు బిగించిన అడ్డుపలకలు), స్పాన్ 80 అనే మరో సర్ఫాక్టెంట్ కలిసి ఆ ఇబ్బందిని తీర్చాయి. ఆముదం ఇంకా చిక్కగా ఉంటుంది, పారఫిన్‌తో సులభంగా కలవదు, ఇథనాల్‌తో కడిగితే పోతుంది; ఆ దారి మా దగ్గర పరీక్షలో ఉంది.

కడగడం, కాల్చడం

కడిగే క్రమం మార్చకూడదు. ముందు చల్లని హెక్సేన్ బయటి నూనెను తీస్తుంది. తరువాత అసిటోన్ నీటిని లాగేస్తుంది. దాన్ని పలచని గాఢత నుంచి మొదలుపెట్టి పెంచుతూ పోవాలి, ఒక్కసారి పూర్తి గాఢతలో వేస్తే ముఖం ముందు బిగుసుకొని కొత్తగా పైపొర తయారవుతుంది. చివర మళ్ళీ హెక్సేన్, ఈసారి లోపలి నూనె కోసం. ఈ రెండు ద్రావకాలూ వేసవిలో ఎంత త్వరగా ఆవిరై అంటుకుంటాయో చెప్పనక్కరలేదు. పని అంతా ఫ్యూమ్ హుడ్‌లో, నిప్పురవ్వ రాని మోటారుతో జరగాలి.

ఇక్కడే కొలిమికి ముందే ఫలితం చెప్పే చిన్న పరీక్ష ఒకటి దొరికింది. ఆరిన గోళికలను రెండు ఫిల్టర్ పేపర్ల మధ్య పెట్టి బొటనవేలితో నలిపితే, లోపల నూనె చిక్కుకున్న బ్యాచ్ కాగితం మీద పారదర్శకమైన మరక వదులుతుంది. హెక్సేన్ లోపలికి పోలేదంటే దారి లేదన్నమాట. గదులు కలిసి ఉన్న బ్యాచ్‌లో తెల్లటి పొడి మాత్రమే రాలుతుంది. మరక పడిన బ్యాచ్‌ను కాల్చి కరెంటు ఖర్చు చేయడం మానేశాము. చాలా ప్రచురిత పద్ధతుల్లో కనిపించే గ్లూటరాల్డిహైడ్‌ను కూడా మేము వాడలేదు. కాలిపోవలసిన జెలటిన్‌ను విషపూరితమైన రసాయనంతో బిగించడంలో అర్థం లేదు, మా క్రమంలో గడ్డకట్టిన గోళికకు వట్టి నీరు తగలనే తగలదు.

కాల్చేటప్పుడు 200 నుంచి 500 డిగ్రీల వరకు నిమిషానికి అర డిగ్రీ చొప్పున పెంచాము, అంటే ఆ మెట్టుకే పది గంటలు. ఒంటరి గోళిక ఇంతకన్నా చాలా వేగాన్ని తట్టుకుంటుంది. తట్టుకోనిది ట్రేలోని కుప్ప. అందులో జెలటిన్ ఒక్కసారిగా అంటుకుంటే మధ్యభాగం వేడెక్కి గోళికలు పగులుతాయి, లేదా నడుమ నల్లగా మిగులుతాయి. పలచగా పరిచిన హైడ్రాక్సీఅపటైట్ పొడి పాన్పు మీద ఒక్క వరుసలో పేర్చడం మంచిది, అల్యూమినాకు అంటుకోవు కూడా. 600 వద్ద గంట ఆగి, 1,200 డిగ్రీల వద్ద రెండు గంటలు సింటర్ చేశాము (కణాలు ఒకదానికొకటి అతుక్కొని గట్టిపడేలా కాల్చాము). 1,300 దాటితే హైడ్రాక్సీఅపటైట్ విచ్ఛిన్నమయ్యే ప్రమాదం మొదలవుతుంది.

పొడిలో కాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి 1.67 దగ్గర లేకపోతే కొలిమి దాన్ని బయటపెడుతుంది. తక్కువైతే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో (స్ఫటికాలను గుర్తించే పరీక్షలో), రాగి కిరణాలతో, 31 డిగ్రీల కోణం వద్ద బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ రేఖ కనిపిస్తుంది, ఎక్కువైతే 37.3 డిగ్రీల వద్ద కాల్షియం ఆక్సైడ్ రేఖ. రెండోది ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అది గాలిలోని తేమతో హైడ్రాక్సైడ్‌గా మారి ఉబ్బి, సీసాలో ఉన్న గోళికలను వారాల్లో చిట్లగొడుతుంది. నలిపిన గోళికల మీద, క్షారం ఉంటే గులాబీరంగుకు మారే ఫినాఫ్తలీన్ చుక్క వేసి గులాబీరంగు రాకపోతేనే మేము ఎక్స్‌రేకు పంపేవాళ్ళం. భారలోహాల విషయంలో ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి ఎఫ్1185 ప్రమాణం ఆర్సెనిక్‌కు 3, కాడ్మియం, పాదరసాలకు చెరి 5, సీసానికి 30 పీపీఎం (పది లక్షల్లో అన్ని భాగాలు) పరిమితి పెట్టింది; ముడిపొడి కొన్నప్పుడే ఈ ధ్రువపత్రం అడగాలి.

సవరించిన బ్యాచ్‌లలో దాదాపు అన్ని గోళికలూ మునిగాయి, తేలిన కొద్దింటిని తీసి పారేశాము. మెర్క్యురీ పొరోసిమీటర్ (పాదరసాన్ని పీడనంతో రంధ్రాల్లోకి నెట్టి వాటి పరిమాణం కొలిచే యంత్రం) ఫలితం చూసి పరిశోధక బృందం కొంత కంగారుపడింది. మైక్రోస్కోప్‌లో 15 మైక్రాన్ల గదులు కనిపిస్తుంటే యంత్రం 4 మైక్రాన్ల దగ్గర శిఖరం చూపింది. ఇందులో వైరుధ్యం లేదు. పాదరసం గదిలోకి వెళ్ళాలంటే కిటికీ గుండా వెళ్ళాలి కనుక, ఆ యంత్రం కొలిచేది కిటికీ వ్యాసాన్ని. పీడనాన్ని మెగాపాస్కల్‌లలో తీసుకొని 1.25ను దానితో భాగిస్తే కిటికీ వ్యాసం మైక్రాన్లలో వస్తుంది. 4 మైక్రాన్లకు 0.31 మెగాపాస్కల్. మందు విడుదల వేగాన్ని శాసించేది కూడా ఈ కిటికీయే కాబట్టి బృందం తన లెక్కల్లో గది పరిమాణం తీసేసి ఈ అంకెను పెట్టుకుంది.

పెద్ద పాత్రకు మారినప్పుడు

ఒక లీటరు బ్యాచ్ నుంచి ఎనిమిది లీటర్ల బ్యాచ్‌కు వెళ్ళేటప్పుడు స్టిరర్ వేగాన్ని అలాగే ఉంచితే బొట్లు మరీ చిన్నవవుతాయి. ప్రవాహం అల్లకల్లోలంగా ఉన్నంతవరకు, ఘనపరిమాణానికి అందే శక్తి సమానంగా ఉండాలన్న నియమం ప్రకారం వేగం ఘనాన్ని బ్లేడు వ్యాసం వర్గంతో గుణించిన విలువ మారకూడదు. బ్లేడు 50 నుంచి 100 మిల్లీమీటర్లకు పెరిగితే, నిమిషానికి 400 చుట్లు 250కి దించాలి. చిక్కటి నూనెలో ఈ నియమం అంచనా మాత్రమే, చివరి సర్దుబాటు జల్లెడతో చూసుకొని చేయాలి. అసలు అడ్డంకి మరోచోట వచ్చింది. ఎనిమిది లీటర్ల బ్యాచ్‌ను ఒక్కసారిగా గడ్డకట్టించడానికి 5 డిగ్రీల నూనె పదహారు లీటర్లు సిద్ధంగా ఉండాలి, దాన్ని ఒకటి రెండు నిమిషాల్లో పోయాలి. అందుకోసం ఒక డీప్ ఫ్రీజర్, అడుగున వాల్వు ఉన్న స్టీలు ట్యాంకు కొన్నాము. వాడిన నూనెను వడకట్టి, వేడి చేసి నీరు తీసేశాక మళ్ళీ వాడుతున్నాము. అందులో కరిగి ఉండిపోయిన స్పాన్ 80 వల్ల తరువాతి బ్యాచ్ బొట్లు చిన్నవవుతాయి కనుక, తిరిగి వాడిన నూనెతో చేసే ప్రతి బ్యాచ్‌లో తాజా స్పాన్ 80 మోతాదు తగ్గించుకుంటున్నాము.